సబ్జెక్టులో ‘జ్వరం’ అని రాయండి

పొద్దున్నే పదిమందిని నవ్వించడం తన బాధ్యత అనుకునే మనిషి నోటికి కట్టుకున్న భార్యే తాళం వేసిన వేసవి అది. వేసింది నేనే. అవసరమైతే ఇప్పుడైనా మళ్ళీ వేస్తాను.

మా పాపకి మాంసకృత్తులు పడవు. పుట్టుకతో వచ్చిన జబ్బు. పాలు, పప్పులు, గుడ్లు, గింజలు, ఏవి తిన్నా అందులో ఒక భాగాన్ని దాని ఒళ్ళు అరిగించుకోలేదు. అరగనిది రక్తంలో పేరుకుని మెదడు మీద పడుతుంది. అందుకని ప్రతి ముద్దా తూచి పెడతాను. వంటింటి గట్టు మీద ఉప్పు డబ్బా పక్కనే తూకం యంత్రం ఉంటుంది. పెరగడానికి కావలసిన బలమంతా ఒక డబ్బా పొడిలోంచి రావాలి. నీళ్ళలో కలిపితే ఆ పొడి తడిసిన అట్టముక్క వాసన వేస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, పాలపళ్ళు ఊడిన చిగుళ్ళతో నవ్వుతూ దాన్ని గటగటా తాగేస్తుంది. గింజ గింజ లెక్కన తింటుంది కాబట్టి ఇంట్లో అందరం దాన్ని పిచ్చుక అంటాం.

మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. భయమంతా జ్వరంతోనే. జ్వరంలో ఒళ్ళు తన కండని తానే కరిగించుకుంటుంది. తినకపోయినా లోపలి నుంచే విషం తయారవుతుందన్నమాట. అప్పుడు తిండి లెక్క మొత్తం మార్చాలి, అదీ గంటల్లో. అలా మార్చడం తెలిసిన మనిషి, ఇలాంటి పిల్లలున్న మా అందరికీ కలిపి ఒక్కరే ఉన్నారు. వేరే ఊళ్ళో పెద్దాసుపత్రిలో డైటీషియన్.

ఆవిడ మాకు దొరికింది ఒక మెయిల్ లిస్టులో. ఆ లిస్టుకి ఒకే ఒక్క చిరునామా. దానికి ఉత్తరం రాస్తే చేరినవాళ్ళందరికీ వెళ్తుంది. ఎవరైనా చేరవచ్చు, ఎవరైనా రాయవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మనవడికి ఇదే జబ్బు ఉన్న ఒక మందుల షాపు పెద్దాయన దాన్ని మొదలుపెట్టారు. ఇలాంటి పిల్లలున్న ఇళ్ళు ఊరికి ఒకటి కూడా ఉండవు. లిస్టులో మాత్రం ఒక పెళ్ళికి సరిపడా జనం ఉన్నాం. డైటీషియన్ గారు డ్యూటీ దిగాక, ఇంటికి వెళ్ళే బస్సులో కూర్చుని మా ప్రశ్నలకు జవాబులు రాసేవారు. రోజంతటి ఉత్తరాలూ ఒకే కట్టగా సాయంత్రం ఆవిడ ఫోనుకి చేరేవి.

ఆ కట్టలో మొదటి ఉత్తరం ఎప్పుడూ మావారిదే.

మావారు డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తారు. లిస్టులో ఆయన పేరు మాస్టారు. రోజూ పొద్దున్న ‘శుభోదయం’ అని సబ్జెక్టు పెట్టి, ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ ఒకటి తగిలించి, ముందురోజు కారులో జరిగిన ముచ్చట ఒకటి రాసేవారు. నిన్న ఒకాయన వెనక లారీ హారన్ కొడితే బండి ఆపి, దిగి, ఏం కావాలండీ అని అడగడానికి వెళ్ళాడు. ఇలాంటివి. చదివినవాళ్ళందరూ నవ్వుతూ జవాబు రాసేవారు. ప్రతి జవాబు కిందా సూర్యుడు, లారీ, అంతకు ముందు నవ్వినవాళ్ళ నవ్వులు తోకలా వేలాడుతూ వచ్చేవి. మధ్యాహ్నానికి ఆ తోక చాంతాడంత అయ్యేది. చాలామందికి ఆ నవ్వే రోజు మొత్తానికి ఆసరా అని నాకు తెలుసు. అందుకే చాలాకాలం నేనేమీ అనలేదు.

ఎండలు ముదురుతున్నప్పుడు ఒక కొత్త తల్లి లిస్టులో చేరింది. మెడ అప్పుడప్పుడే నిలబడుతున్న పసిపాప ఉందని మాత్రం రాసింది. ఆ పసిదానికి జ్వరం వచ్చింది, తాగించిన పొడి కక్కేస్తోంది, దగ్గరున్న డాక్టరు ఈ జబ్బు పేరే వినలేదు. ఆ అమ్మాయికి కొత్త ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. తన మెయిల్లో అన్నిటికంటే పైన ఉన్నది మావారి శుభోదయం. దానికే రిప్లై నొక్కి, అడుగున, సూర్యుడి కింద, నవ్వుల కింద, తన ప్రశ్న రాసింది. అందరికీ ‘శుభోదయం’ అన్న సబ్జెక్టుతోనే వెళ్ళింది. ఆ రోజు పది మంది దాని మీదుగా నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఒకావిడ అయితే ఆ అమ్మాయికే నవ్వుతున్న బొమ్మ పంపింది. డైటీషియన్ గారు బస్సులో ఎప్పటిలాగే శుభోదయాలన్నీ ఒక్క వేలితో పైకి తోసేశారు.

ఆ పసిపాపని అత్యవసర వార్డులో చేర్చారు. ప్రాణం నిలిచింది. కానీ నిలబడుతున్న మెడ మళ్ళీ వాలిపోయింది.

డైటీషియన్ గారు లిస్టుకి చిన్న ఉత్తరం రాశారు. ఆ ప్రశ్న తన కంట పడేసరికే పాప ఆసుపత్రిలో ఉందని, ఇంత చెత్తలో ఒక బిడ్డ ప్రాణం వెతుక్కోవడం తన వల్ల కాదని, నెలాఖరుకి లిస్టు వదిలేస్తున్నానని, ఇక ఎవరి ఆసుపత్రికి వాళ్ళు వెళ్ళమని. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

ఆ ఉత్తరం కింద వచ్చిన జవాబులన్నీ, వెళ్ళొద్దు మేడమ్ అంటూ, ఆ ఉత్తరాన్ని పూర్తిగా మోసుకుంటూ వచ్చాయి. నేను చదువుతూ చదువుతూ ఫోను పక్కన పెట్టేశాను. ఆవిడ వెళ్ళిపోతే పిచ్చుకకి రేపు జ్వరం వస్తే నేను ఎవరిని అడగాలి? మా ఊరి ఆసుపత్రికి వెళ్తే అక్కడ ఈ జబ్బు గురించి తెలిసిన మనిషిని నేనే.

మందుల షాపు పెద్దాయనకి ఫోన్ చేసి, లిస్టు నడిపే పని నాకు ఇవ్వమన్నాను. ఆయన నీళ్ళు నమిలారు.

“అందరూ దెబ్బతిన్నవాళ్ళమ్మా. అలా రాయకండి, ఇలా రాయండి అంటే మనసు చివుక్కుమంటుంది.”

“చివుక్కుమంటే రెండు రోజుల్లో సర్దుకుంటుంది బాబాయిగారూ. ఆ పసిదాని మెడ ఇంకా సర్దుకోలేదు.”

అవతల డైరీ తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. తరవాత పాస్‌వర్డ్ చెప్పారు. “నువ్వే పట్టుకో తల్లీ. తిట్లు తినే ఓపిక నాకు లేదు” అన్నారు. ఆ గొంతులో బరువు దిగిన హాయి నాకు స్పష్టంగా వినిపించింది.

డైటీషియన్ గారికి ఫోన్ చెయ్యడం అంత తేలిక కాలేదు. ఆవిడతో ఎన్నడూ మాట్లాడింది లేదు. పరిచయం చేసుకుని, బళ్ళు తెరిచేదాకా గడువు ఇవ్వమని అడిగాను. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

“రూల్స్ ఎవరైనా రాస్తారండీ. మీ సొంతవాళ్ళే రూల్ తప్పితే ఏం చేస్తారు?”

“అందరికీ ఏం చేస్తానో వాళ్ళకీ అదే.”

“మాస్టారు మీవారే కదా?”

“అవునండీ.”

అవతల బస్సు చప్పుడు వినిపిస్తోంది. సరే, బళ్ళు తెరిచేదాకా చూస్తానన్నారు. ఒక్క షరతు పెట్టారు. జ్వరం గురించిన ఉత్తరం మాత్రం సాయంత్రం కట్టలో కాకుండా, ఎప్పుడొస్తే అప్పుడు విడిగా తన ఫోనుకి రావాలి, మోగాలి. అలా చెయ్యగలనా అని అడిగారు. చేస్తానన్నాను. ఎలాగో అప్పటికి నాకు తెలియదు. రెండు మధ్యాహ్నాలు కూర్చుని నేర్చుకున్నాను.

రూల్స్ వంటింట్లోనే రాశాను, కూరగాయలు తరిగే బల్ల మీద. ఒక ఉత్తరంలో ఒకే సంగతి ఉండాలి. కొత్త సంగతి అయితే కొత్త ఉత్తరమే మొదలుపెట్టాలి, పాతదాని కింద అతికించకూడదు. పిల్ల వయసూ అసలు ప్రశ్నా సబ్జెక్టులోనే తెలియాలి. జవాబు రాసేటప్పుడు అవతలివాళ్ళ ఉత్తరంలో మీకు కావలసిన రెండు ముక్కలు ఉంచి మిగతాది చెరిపేయాలి. బొమ్మలు వద్దు, ఎవరో పంపినవి మళ్ళీ పంపడం వద్దు. థాంక్స్ చెప్పాలనుకుంటే ఆ ఒక్కరికే రాయండి. మీరు చేసి చూసింది వేరు, ఎవరో చెప్పగా విన్నది వేరు, ఏది ఏదో రాయండి. బిడ్డకి ఒంట్లో బాగోలేకపోతే సబ్జెక్టులో మొట్టమొదటి మాట ‘జ్వరం’. ఆ మాటని ఇంక దేనికీ వాడుకోకండి. తప్పితే ఒకసారి విడిగా చెప్తాను, రెండోసారి గుర్తు చేస్తాను, ఆ పైన మీ ఉత్తరాలు నేను చూశాకే లిస్టుకి వెళ్తాయి.

మావారు డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా గుండీలు విప్పుకుంటూ, ఆ కాగితం నిలబడే చదివారు.

“ఇందులో సగం నా మీదే రాసినట్టుంది.”

“సగం కాదు, ఎక్కువే.”

ఆయన నవ్వారు. “నా కారులో వాళ్ళ బ్రేకు కాక నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. లిస్టుకి నువ్వు ఆ రెండో బ్రేకువన్నమాట. నన్ను కూడా తొక్కేస్తావా?”

నేను బంగాళాదుంప తూస్తున్నాను. తొక్క తీశాకే తూచాలి, అంకె కదిలిపోతుంది, కాస్త పక్కకి జరగండి అన్నాను. తొక్కనని చెప్పినట్టు ఆయన అర్థం చేసుకున్నారు.

రూల్స్ పంపిన రోజు నుంచి నా మీద పువ్వులేమీ కురవలేదు. హెడ్మిస్ట్రెస్ గారికి నమస్కారం అంటూ మొదలుపెట్టినవాళ్ళు కొందరు. దగ్గాలన్నా సబ్జెక్టు రాయాలా అని ఒకాయన అడిగాడు. దగ్గు పిల్లాడిదైతే రాయాలి అని ఆయనకి మాత్రమే జవాబిచ్చాను. మరొకాయన, కష్టంలో ఉన్నవాళ్ళకి వ్యాకరణం నేర్పే చోట తాను ఉండలేనని పెద్ద ఉత్తరం రాసి వెళ్ళిపోయాడు. వెళ్ళిపోతున్నానన్న ఉత్తరం కింద కూడా పాత తోక అలాగే ఉంది. ఆ వారంలోనే చడీచప్పుడు లేకుండా మళ్ళీ చేరాడు. నేనూ ఏమీ ఎరగనట్టే ఉండిపోయాను.

ప్రతి ఒక్కరికీ విడిగా, మర్యాదగా రాశాను. మీ ప్రశ్న చాలా అవసరమైనది, అందుకే అది అందరికీ కనపడాలి, సబ్జెక్టు ఇలా మార్చి మళ్ళీ పంపండి అని. ఎవరినీ నలుగురిలో నిలబెట్టలేదు. కొందరికి ఫోన్ చేసి, ఎక్కడ వేలు పెడితే పాత ఉత్తరం చెరుగుతుందో చెప్పాను. ఆ వేసవంతా మా ఇంట్లో చెవికి ఫోను, చేతికి గరిటె. ఫాను గాలికి గట్టు మీది పొడి ఎగరకుండా దాన్ని ఆపేసుకుని చెమటతో మాట్లాడేదాన్ని. బి.యస్సీ. చదివించింది ఇందుకా అని మా అమ్మ ఫోన్లో దెప్పింది. ఇందుకే అన్నాను.

నెమ్మదిగా లిస్టు రంగు మారింది. సబ్జెక్టులు చూస్తే ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలిసేది. ఆ వేసవిలోనే పొడి డబ్బా మారింది. కంపెనీవాళ్ళు పొడి చిక్కగా చేసి, లోపల కొలత గరిటె చిన్నది పెట్టారు. పాత లెక్కతో కలిపితే సరిపోదు. ఆ సంగతి ఒక తండ్రి కనిపెట్టి ‘కొత్త డబ్బా, గరిటె తేడా’ అని రాస్తే ఆ సాయంత్రానికే డైటీషియన్ గారి జవాబు వచ్చింది, నాలుగు వాక్యాల్లో. అదే శుభోదయాల రోజుల్లో అయితే ఎన్ని వారాలు పట్టేదో.

మారనిది ఒక్కరే.

మావారికి మొదటిసారి అందరికీ రాసినట్టే విడిగా రాశాను. ఆయన దాన్ని చదివి, పక్క గదిలోంచి, బాగా రాశావోయ్ అని కేక వేశారు. మర్నాడు మళ్ళీ శుభోదయం. రెండోసారి గుర్తు చేశాను. ఆయన సూర్యుడిని తీసేశారు, ముచ్చట ఉంచారు. ఆ తరవాత ‘రోడ్డు భద్రత’ అని సబ్జెక్టు పెట్టి, రివర్సు గేరులో ఇంటికి వెళ్ళిపోయిన గుమస్తా కథ రాశారు.

టీ తాగుతూ ఉన్నాం ఇద్దరం. ఆయన బల్లకి అటు, నేను ఇటు. ఆ ఉత్తరం ముందు నా ఫోనులోకి వచ్చింది, పంపాలా ఆపాలా అని అడుగుతూ. నేను చూశాకే ఉత్తరాలు వెళ్ళాల్సినవాళ్ళ వరసలో ముందురోజే ఆయన పేరు చేర్చి ఉంచాను. నేను ఆపు నొక్కాను, ఆపామన్న జవాబు ఆయనకి వెళ్ళింది. బల్లకి అటువైపు ఫోను మోగింది.

ఆయన చదువుకున్నారు. అద్దాలు పైకి జరిపి ఇంకోసారి చదివారు.

“‘సభ్యులకు’ అని రాశావు.”

“అందరికీ అదే వెళ్తుందండీ.”

“నాకు ‘ఏవండీ’ అని రాయొచ్చుగా.”

“మీకొక్కరికే అలా రాస్తే మిగతావాళ్ళకి ఏమని చెప్పను?”

ఆయన టీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయారు. గ్లాసు కడగడం ఆయనకి అలవాటు లేని పని.

ఆ తరవాత మా మధ్య మాటలన్నీ పిచ్చుక మీదుగానే నడిచాయి. మీ అమ్మని నా నీలం చొక్కా ఎక్కడుందో అడుగు. మీ నాన్నకి ఇస్త్రీకి ఇచ్చానని చెప్పు. సెలవుల్లో ఇంట్లోనే ఉండే పిల్ల, రెండు రోజులు మోసి, మూడో రోజు నడిగదిలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది. “నేనేమైనా లిస్టునా, ఇద్దరి ఉత్తరాలూ మొయ్యడానికి? డైరెక్టుగా రాసుకోండి” అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇద్దరం వేరే వేరే గదుల్లోకి వెళ్ళి నవ్వుకున్నాం.

ఆదివారం ఆయన గేటు ముందు స్కూలు కారు కడుగుతుంటే నేను బకెట్ అందించడానికి వెళ్ళాను. వెనక అద్దం మీది ఎర్ర ‘ఎల్’ అక్షరాన్ని గుడ్డతో రుద్దుతూ, నా వైపు చూడకుండానే మాట్లాడారు.

“ఆ అమ్మాయి నా ఉత్తరం కిందే రాసింది. నాకు తెలీదనుకున్నావా?”

నేను బకెట్ ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

“తెల్లారి మళ్ళీ శుభోదయం ఎందుకు పెట్టానంటావా? పెట్టకపోతే నేనే చేశానని ఒప్పుకున్నట్టవుతుందని. ఆ లిస్టు తెరిస్తే ప్రతి రోజూ ఎవరో ఒక పిల్ల పడిపోయి ఉంటుంది. నువ్వు అందులోకి తూకం పట్టుకుని వెళ్తావు. నేనేం పట్టుకుని వెళ్ళను? ఏదో ఒక నవ్వు పట్టుకుని వెళ్ళేవాణ్ణి. మన పిల్ల గురించి అందులో ఒక్క ముక్కైనా రాశానా, చూశావా?”

చూశాను. ఆ మాట ఆయన అడిగేదాకా నాకు తట్టలేదు. అన్నేళ్ళలో, అన్ని ఉత్తరాల్లో, పిచ్చుక పేరు ఒక్కసారి కూడా లేదు.

ఆపు తీసేస్తానని అప్పుడు అనాలనిపించింది. నాలుక దాకా వచ్చింది కూడా. బకెట్ కింద పెట్టి, టైర్ల దగ్గర మట్టి ఉండిపోయింది చూడండి అని లోపలికి వచ్చేశాను. ఆయన మీద జాలి నాది. ఆపు లిస్టుది.

వేసవి చివర్లో మా అమ్మకి కంటి ఆపరేషన్ పడింది. బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. పిచ్చుకకి ఆ రోజుకి కావలసినవన్నీ తూచి, డబ్బాల్లో సర్ది పెట్టి, వాళ్ళ నాన్నకి అప్పగించి వెళ్ళాను. కళ్ళాసుపత్రిలో ఆపరేషన్ గదుల పక్కనున్న హాల్లోకి ఫోన్లు రానివ్వరు. బయట కౌంటర్లో చీటీ కట్టి తీసుకుంటారు. అమ్మ పక్కన కూర్చుని, ఆవిడ భయం పోగొట్టడానికి చిన్నప్పటి కబుర్లు చెప్తూ మధ్యాహ్నం గడిపాను. లోపల చల్లగా ఉంది. ఆ వేసవిలో నేను చేతిలో ఫోను లేకుండా కూర్చున్నది ఆ కాసేపే.

బయటికి వచ్చి ఫోను తీసుకునేసరికి మావారి దగ్గర్నుంచి వచ్చిన కాల్స్ వరసగా ఉన్నాయి. వాటి కింద లిస్టు.

‘జ్వరం. ఎనిమిదేళ్ళ పాప. పొడి రెండుసార్లు కక్కింది. మా దగ్గరున్న జ్వరం లెక్క పాత డబ్బాది.’

ఆయన రాసిందే. ఆపులో ఉన్న మనిషి ఉత్తరమే. కానీ మొదటి మాట జ్వరం అయితే ఎవరిదైనా సరే ఆగకుండా వెళ్ళేలా నేను ముందే పెట్టి ఉంచాను. అలా పెట్టినప్పుడు ఈయన పేరు నా మనసులో లేదు.

మెట్ల మీద కూర్చుని ఉత్తరం తెరిచాను. అమ్మ నల్లద్దాల్లోంచి, ఏమైందే అని భుజం తడుముతోంది.

ఉత్తరంలో ఒక్క అనవసరమైన అక్షరం లేదు. ఒళ్ళు ఎంత కాలుతోందో, ఆఖరుసారి ఏం తాగిందో, ఎప్పుడు కక్కిందో, పిలిస్తే పలుకుతోందా లేదా, డబ్బా మీద ఏ అంకెలు ఉన్నాయో. ‘తల్లి అందుబాటులో లేదు. నేను ఎన్నడూ కలపలేదు. కారు ఉంది.’ అంతే.

డైటీషియన్ గారి జవాబు దాని వెనకే వచ్చింది. పొడి ఆపమని, దాని బదులు ఇంట్లో ఉన్నవాటితో ఏం కలిపి చెంచాలతో ఇవ్వాలో, ఎంతెంత సేపటికి ఇవ్వాలో, తాగిస్తూనే ఆసుపత్రికి బయలుదేరమని, అక్కడి డ్యూటీ డాక్టరుతో తానే ఫోన్లో మాట్లాడుతున్నానని. దాని కింద ఆయన జవాబు. ఆవిడ ఉత్తరంలోని రెండు ముక్కలు మాత్రం ఉంచి, మిగతాదంతా చెరిపేసి, ఒకదాని కింద ‘ఇచ్చాను, నిలిచింది’ అని, రెండోదాని కింద ‘బయలుదేరాం’ అని.

ఆ తరవాత లిస్టులో ఏమీ లేదు. అంతమంది ఉన్నారు. అందరూ చూసి ఉంటారు. ఎవరూ అయ్యో అనలేదు, బొమ్మ పెట్టలేదు, దేవుణ్ణి తలుచుకోలేదు. డైటీషియన్ గారికీ మావారికీ మధ్య దారి ఖాళీగా వదిలి, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

నేను ఫోన్ చేశాను. “వార్డులో ఉన్నాం. నిద్రపోవడం లేదు, గొడవ చేస్తోంది, అంటే బాగానే ఉంది” అన్నారు. “పెట్టెయ్. ఇంకో చెంచా ఇవ్వాలి.”

అమ్మని తమ్ముడింట్లో దింపి, బస్సు దిగి సరాసరి ఆసుపత్రికే వెళ్ళాను. పిచ్చుక మంచం మీద దిండుకి ఆనుకుని, చేతికి సూదితో, నాన్న కలిపినదానిలో చక్కెర సరిగ్గా కరగలేదని నర్సుకి పితూరీ చెప్తోంది. ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. చొక్కా ముందంతా కక్కిన మరక. నన్ను చూసి చెంచా గిన్నెలో పెట్టారు.

“మొదట ఏం రాయాలో తెలీలేదు. నువ్వు పెట్టిన వరస గుర్తొచ్చింది. వయసు, ఒంటి వేడి, ఆఖరుసారి ఏం తాగింది. అలా ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాను. రాస్తుంటే కాస్త కాస్త బుర్ర పనిచెయ్యడం మొదలెట్టింది.”

“చదివానండీ. బాగా రాశారు.”

ఆయన పిచ్చుక కాళ్ళ మీద దుప్పటి సర్దారు. మొదటిసారి దాని గురించి రాశాను కదా అని గొణిగారు. నేను మంచం అవతలి వైపు కూర్చుని, గిన్నె అందుకుని, చక్కెర ఇంకాస్త కలిపాను.

వార్డు నుంచి ఇంటికి వచ్చిన రోజే ఆయన మీది ఆపు తీసేశాను. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నవ్వుకోవడానికి ఆయన ఇంకో లిస్టు పెట్టుకున్నారు. మా లిస్టులోవాళ్ళు చాలామంది అందులోనూ ఉన్నారట. నేను చేరలేదు. పిచ్చుక నా మెయిల్‌తో చేరిపోయింది. ఆ కొత్త తల్లి నాకు విడిగా రెండు వాక్యాలు రాసింది. పాప మెడ నిలబెడుతోంది అక్కా, బోర్లా పడుకోబెడితే తల ఎత్తి చూస్తోంది అని.

బళ్ళు తెరిచారు. నేను ఫోన్ చేసి అడగకముందే డైటీషియన్ గారే లిస్టుకి రాశారు. ‘నేను ఉంటున్నాను’ అని సబ్జెక్టు. లోపల ఏమీ లేదు.

ఆ వారంలోనే ఎవరో కొత్త తండ్రి చేరాడు. మూడు ప్రశ్నలు, ఇద్దరు పిల్లలు, ఒకే ఉత్తరం. అదీ ఎవరిదో పాత జవాబు అడుగున. సబ్జెక్టు ఎవరిదో. నేను పిచ్చుక జడ వేస్తూ, ఈ జడ అయ్యాక ఆయనకి రాద్దామనుకుంటున్నాను. ముందుగదిలో ఆ తండ్రితో ఫోన్లో మాట్లాడుతున్న మావారి గొంతు వినిపించింది. స్టీరింగు మొదటిసారి పట్టుకున్నవాళ్ళతో మాట్లాడే గొంతు, తొందర లేనిది.

“కంగారేం లేదండీ, అందరం మొదట్లో అలాగే చేశాం. నేను మరీ చేశాను. ముందు ఆ కింద ఉన్నదంతా చెరిపేయండి. అయిందా? మొత్తం పోవాలి. ఇప్పుడు చిన్నబాబు సంగతి ఒక్కటే. పెద్దబాబుది ఇంకో ఉత్తరంలో చూద్దాం.”

బయట కారులో నేర్చుకోవడానికి వచ్చిన బ్యాంకు ఆవిడ హారన్ కొట్టింది. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపి, ఉండమని సైగ చేశారు.

“బాబుకి ఎన్ని నెలలు? సరే, అదే ముందు రాయండి. రాశారా? ఇప్పుడు నాకు చదివి వినిపించండి.”